ఎకరం అమ్మి పదెకరాలు

ఎవరైనా దస్తావేజు చేతికిస్తే అందరి కళ్లూ ధర మీదికి పోతాయి, నావి షెడ్యూలు మీదికి పోతాయి. తూర్పు ఎవరి చేను, దక్షిణం ఏ బోదె, పడమర ఏ డొంక, ఉత్తరం ఎవరి గట్టు. విజయవాడలో రిజిస్ట్రారు ఆఫీసు పక్కన బల్ల వేసుకుని బతికిన దస్తావేజు లేఖరిని. పని మానేసి చాలాకాలమైనా ఆ చూపు మాత్రం పోలేదు. అందుకే అమెరికాలో మా అమ్మాయి వాళ్లింటికి వెళ్లినప్పుడు, చుట్టుపక్కల చూడాల్సినవి చూపిస్తామని వాళ్లు హడావుడి పడుతుంటే, "ముందు మీ ఇంటి లింకు డాక్యుమెంట్లు చూపించు తల్లీ" అన్నాను.

వాళ్లుండేది నెబ్రాస్కా రాష్ట్రంలో లింకన్ అనే ఊరు. ఇల్లు పాతది గనక పాత కాగితాల కట్ట ఒకటి దానితోపాటే చేతులు మారుతూ వచ్చింది. అల్లుడుగారు వెతికి తెచ్చారు. మొదటి కాగితంలో ఇచ్చినవాడు అమెరికా ప్రభుత్వం, పుచ్చుకున్నవాడు బర్లింగ్టన్ అండ్ మిజోరి రివర్ రైల్‌రోడ్ కంపెనీ. రెండోదాంట్లో ఆ కంపెనీ అమ్మింది, జర్మనీ నుంచి వచ్చిన ఒక రైతు కొన్నాడు. ఆ తర్వాత మామూలే, వారసత్వాలు, తనఖాలు, ప్లాట్లు. నన్ను ఆపింది ఆ మొదటి రెండు కాగితాల షెడ్యూలు. టౌన్‌షిప్ నెంబరు, రేంజి నెంబరు, సెక్షన్ నెంబరు, అందులో వాయవ్యపు పావు. అంతే. హద్దుల్లో ఒక్క మనిషి పేరు లేదు, ఒక చెట్టు లేదు, ఒక కాలువ లేదు. మా వృత్తిలో అలాంటి షెడ్యూలు రాస్తే పార్టీ లేచి వెళ్లిపోతాడు.

ఆ కాగితం వెనక సంగతి ఇది. 1862లో అమెరికా రెండు చట్టాలు చేసింది. మే నెలలో చేసిన హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఎవరైనా 160 ఎకరాల నేల మీద ఐదేళ్లు కాపురముండి సాగుచేస్తే కొద్దిపాటి ఫీజుతో అది వాళ్లదవుతుంది. జులైలో చేసిన పసిఫిక్ రైల్వే చట్టం ప్రకారం పట్టా వేసే కంపెనీకి, వేసిన ప్రతి మైలుకూ 10 సెక్షన్ల భూమి. రెండేళ్లకే దాన్ని 20 చేశారు. సెక్షన్ అంటే మైలు పొడవు, మైలు వెడల్పు, 640 ఎకరాలు. లైనుకు రెండు పక్కలా చదరంగం బల్లలా గళ్లు గీసి, బేసి నెంబరు గళ్లు కంపెనీకి ఇచ్చి, సరి నెంబరు గళ్లు ప్రభుత్వం అట్టేపెట్టుకుంది. మా అమ్మాయి ఇంటి నేలను అమ్మిన కంపెనీకి ఒక్క నెబ్రాస్కాలోనే దాదాపు 24 లక్షల ఎకరాలు ఇలా వచ్చాయి. మన కృష్ణా డెల్టాలో ఇవాళ ప్రకాశం బ్యారేజీ కింద తడిసే ఆయకట్టు అంతా కలిపి 13 లక్షల ఎకరాలు. రెండు డెల్టాలకి కాస్త తక్కువ భూమి ఒక రైలు కంపెనీ జేబులో!

కంపెనీకి కావలసింది భూమి కాదు, సరుకు. మనిషి లేని పొలాల మధ్య రైలు నడిపితే లోపల ఏం ఎక్కుతుంది? అందుకని రైతుల్ని పిలిపించి, దున్నించి, పండిన గోధుమ తన వ్యాగన్లలోనే ఎక్కించుకోవాలి. 1872లో ఆ కంపెనీ వేసిన గోడ కాగితం లింకన్‌లో ఇప్పటికీ పోస్టుకార్డులుగా దొరుకుతుంది. ఆ షరతులు చదువుతుంటే నాకు మన రియల్ ఎస్టేటు కరపత్రాలే గుర్తొచ్చాయి. పదేళ్ల వాయిదా, నూటికి 6 వడ్డీ. మొదటి కొన్నేళ్లు వడ్డీ మాత్రం కడితే చాలు, నాలుగేళ్ల తర్వాత నుంచి అసలులో ఏడో వంతు చొప్పున తీర్చుకోవచ్చు. భూమి చూసి రావడానికి ప్రత్యేక టిక్కెట్టు కొనుక్కోవాలి. ముప్పై రోజుల్లోగా భూమి కొంటే ఆ టిక్కెట్టు ఖర్చు మొదటి వడ్డీలో మినహాయిస్తారు. పండిన పంటే అప్పు తీరుస్తుందని పెద్దక్షరాల్లో హామీ. ఇంగ్లండులో, జర్మనీలో, స్వీడన్‌లో ఏజెంట్లు ఊరూరా తిరిగి ఈ మాటలే చెప్పేవారు. పక్కన కాన్సాస్‌లో సాంటా ఫే రైల్వే అయితే 1874లో రష్యా నుంచి మెన్నొనైట్లనే మతస్థుల్ని ఊళ్లకు ఊళ్లుగా రప్పించి అమ్మింది. వాళ్లు పెట్టెల్లో తమ ఎర్ర గోధుమ విత్తనం వెంట తెచ్చుకున్నారు. ఆ విత్తనం సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

అన్నిచోట్లా ఇంత సాఫీగా జరగలేదు. కాలిఫోర్నియాలో మసెల్ స్లూ అనే చోట రైతులు సదరన్ పసిఫిక్ కంపెనీ కరపత్రాలు నమ్మి, రిజిస్ట్రేషన్ కాకముందే వెళ్లి చేలల్లో దిగారు. ఎకరం రెండున్నర డాలర్ల నుంచి మొదలని విన్నారు. కాలువలు తవ్వుకుని, ఇళ్లు కట్టుకుని నేలను బాగుచేశాక, కంపెనీ ఆ బాగుచేసిన నేలకు ఎన్నో రెట్లు ధర చెప్పింది. 1880 మే 11న తుపాకులు పేలి ఏడుగురు పోయారు. బయానా రసీదు కూడా లేకుండా పొలంలో గునపం దించకూడదని మా గురువుగారు చెప్పేవారు. అక్కడ ఆ మాట చెప్పే లేఖరి లేకపోయాడు కాబోలు.

ఇక కట్టలోని మొదటి కాగితానికి ముందు కాగితం ఏది? ప్రభుత్వానికి ఎవరిచ్చారు? పానీ, ఒటో తెగలు ఒప్పందాల మీద గీతలు పెట్టి ఆ నేల వదులుకుని దక్షిణానికి తరలిపోయాయి. ఆ ఒప్పందాలు మా అమ్మాయి ఇంటి కట్టలో లేవు. లింకు అక్కడే తెగింది.

మరి మన రైలు కంపెనీలు ఇలా ఎందుకు భూములమ్మలేదు? బెజవాడను చూడండి. నిజాం రైలు 1889లో బెజవాడ చేరింది. గుంతకల్లు నుంచి నంద్యాల, గుంటూరు మీదుగా సదరన్ మరాఠా కంపెనీ లైను ఆ రోజుల్లోనే వచ్చింది. 1893లో కృష్ణ మీద వంతెన పడింది. మూడు వైపుల నుంచి మూడు లైన్లు కలిసిన జంక్షన్ ఇది. పట్టా వేయడానికి కావలసిన జాగా ప్రభుత్వమే ఇచ్చింది గాని, పక్కన ఒక్క సెంటు కూడా కంపెనీ అమ్ముకోవడానికి ఇవ్వలేదు. ఇచ్చింది వడ్డీ. లండన్‌లో నిజాం రైల్వే షేర్లు కొన్నవాళ్లకు నూటికి 5 వస్తుందని నిజాం ప్రభుత్వం పూచీపడింది. రైలు నిండినా ఖాళీగా నడిచినా ఆ 5 వాళ్లది. నిజాం రైల్వే పేరులోనే గ్యారంటీ అన్న మాట పెట్టుకుంది. ఆ ఒప్పందానికి ముందు 1883లో హైదరాబాదులో చాందా రైల్వే పథకం మీద పెద్ద గొడవ. లెక్కలు జనం ముందు పెట్టమని అడిగినందుకు అఘోరనాథ చటోపాధ్యాయను, అంటే సరోజినీ నాయుడి తండ్రిని, రాజ్యం బయటికి పంపించేశారు. పూచీ భారం మోసేది ఖజానా, ఖజానా నింపేది రైతు. అమెరికా కంపెనీ మిగులు నేల అమ్ముకుని బతికితే మన కంపెనీ పన్ను మీద బతికింది.

నేల ఇవ్వకపోవడానికి కారణం దయ కాదు. ఇవ్వడానికి ఖాళీ నేల లేదు. రైత్వారీ గ్రామంలో ప్రతి గట్టుకీ ఒక పట్టాదారు, వాడి శిస్తు లెక్క కరణం కట్టలో ఉంది. ఆ శిస్తే దొరల జీతం.

ఒక కంపెనీ మాత్రం మన వైపు వ్యాపారానికి దిగింది, రైలుతో కాదు నీళ్లతో. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి కర్నూలు నుంచి కడప దాకా కాలువ తవ్వింది. అదే ఇప్పటి కేసీ కెనాల్. పది లక్షల పౌన్ల పెట్టుబడి మీద 5 శాతం ప్రభుత్వ పూచీ. తవ్వాక నీళ్లు అమ్ముదామని చూస్తే కొనేవాడు లేడు. రేగడిలో జొన్న, పత్తి వేసుకునే రైతుకు వానొస్తే చాలు, నీటి తీరువ దండగ. చివరికి 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనేసింది. అమెరికా కంపెనీ దగ్గర నేల ఉంది, మనుషులు లేరు. ఈ కంపెనీ దగ్గర నీళ్లున్నాయి, నేలా మనుషులూ వేరేవాళ్లవి. మాగాణి సాగు తెలిసినవాళ్లను ఎక్కడి నుంచో తెచ్చి ఆ రేగడిలో దింపాలన్న ఆలోచన ఆ దొరలకు రాలేదు. ఆ పని తర్వాత మా డెల్టావాళ్లు ఎవరూ పిలవకుండానే చేశారు. అసలు కథ ఇక్కణ్ణుంచే.

బెజవాడ దగ్గర సీతానగరం కొండకీ ఇంద్రకీలాద్రికీ మధ్య ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. వెనక ఉండి నడిపింది కాటన్ దొర, దగ్గరుండి కట్టించింది చార్లెస్ ఆర్. అంతకు ముందు 1833 కరువులో గుంటూరు సీమ ఊళ్లు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. ఆనకట్ట తర్వాత బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ పట్టుకుని మాగాణి పాకింది. ఉయ్యూరు పక్కన మా ఊళ్లో ముత్తాత నాటికి మెట్ట అనేది లేకుండా పోయింది. రెండు తరాల్లో నేల ధర కొండెక్కింది, నేల మాత్రం పెరగలేదు. నలుగురు కొడుకులున్న ఇంట్లో పదెకరాలు రెండున్నర అవుతుంది, ఆ రెండున్నరే మనవళ్ల దగ్గర అరవై సెంట్లు. ఆడపిల్ల పెళ్లికి పసుపు కుంకుమ కింద ఒక చెక్క పోతుంది. నేను రాసిన భాగ పరిష్కార దస్తావేజుల్లో గట్టును కూడా సగం సగం పంచుకున్నవి ఉన్నాయి.

సరిగ్గా ఆ టైములో నిజాం రాజ్యంలో మంజీర మీద నిజాంసాగర్ లేచింది. 1923లో మొదలుపెట్టి 1931కి పూర్తిచేశారు, ఇంజనీరు అలీ నవాజ్ జంగ్. ఇందూరు, అంటే నిజామాబాదు, జిల్లాలో రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాలకు నీళ్లు. కాలువలైతే వచ్చాయి గాని దమ్ము చేసి నారు పోసి నాట్లు వేసే అలవాటు ఆ కొత్త ఆయకట్టులో అందరికీ లేదు. బెజవాడ వైపు అది తప్ప వేరే అలవాటు లేదు.

మా పెదతాతయ్య వెళ్లింది ఆ ఆయకట్టులోనే, వర్ని దగ్గరికి. ఎకరన్నర మాగాణి అమ్మి అక్కడ పదిహేనెకరాలు కొన్నాడని ఇంట్లో చెప్పుకునేవారు. వెళ్లింది ఎలా? బెజవాడలో నిజాం రైలెక్కి కాజీపేట మీదుగా సికింద్రాబాదు, అక్కణ్ణుంచి గోదావరి లోయ లైను మీటరు గేజిలో నిజామాబాదు, ఆపైన బండి. నేల అమ్మని రైలు కంపెనీ నేల కొనేవాళ్ల దగ్గర టిక్కెట్టు డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకుంది, వడ్డీలో మినహాయింపేమీ లేదు. సామానులో దమ్ము నాగలి, ఇత్తడి బిందెలు, రెండు బస్తాల వడ్ల విత్తనం. కాన్సాస్ మెన్నొనైట్లకు ఎర్ర గోధుమ ఎలాగో మావాళ్లకు కృష్ణకాటుకలు అలాగ.

మా నాయనమ్మకు ఆ ప్రయాణం సుతరామూ నచ్చలేదు. "బావగారూ, ఇక్కడ ఎకరన్నరలో మనుషులు కనపడతారు. అక్కడ పదిహేనెకరాల్లో ఎవరు కనపడతారు?" అందట. పెదతాతయ్య జవాబు, "నువ్వు రాకపోయినా నీ మనవలు వస్తారులే అమ్మాయ్." మొదటి మూడేళ్లు మలేరియా. నాయనమ్మ తోడికోడలు అక్కడే పోయింది. అయినా వెళ్లినవాడు తిరిగి రాలేదు, ఇంకో నలుగుర్ని పిలిపించాడు. నెబ్రాస్కా కంపెనీ ఊరూరా ఏజెంట్లను పెట్టి చేసిన పని మాకు పోస్టుకార్డు చేసింది. ఫలానా పట్వారీతో మాట్లాడాను, ఫలానా చోట తూము పడుతోంది, బావమరిదిని పంపు, కానీ రొక్కంతో పంపు.

రొక్కం. అమెరికాకీ మనకీ తేడా నా ఉద్దేశంలో ఈ మాటలోనే ఉంది. అక్కడ అమ్మేవాడే అప్పిచ్చాడు, పదేళ్లు ఓపిక పట్టాడు, పంట పోతే వాయిదా జరిపాడు. ఇక్కడ అమ్మేవాడు జొన్న పండించుకునే చిన్న రైతు. వాడికి కావలసింది ఈ సంవత్సరపు అప్పు తీర్చే డబ్బు. కొనేవాడికి బ్యాంకూ అప్పివ్వలేదు, షావుకారూ ఇవ్వలేదు. మరి పెట్టుబడి ఎక్కడిది? డెల్టాలో అమ్మిన ఆ ఎకరమే పెట్టుబడి. దాని ధర పెంచింది మా చెమట ఒక్కటే కాదు, ప్రభుత్వం కట్టిన ఆనకట్ట. ఆ ధర పట్టుకెళ్లి, ప్రభుత్వం కట్టిన ఇంకో ఆనకట్ట కింద, అక్కడి ధర ఇంకా పెరగకముందే కొన్నాం. రెండుసార్లు సర్కారు నీళ్లే మమ్మల్ని ఒడ్డెక్కించాయి. మావాళ్లు తమ కష్టం గురించి చెప్పే మాటలు అబద్ధం అనను, రాళ్లేరి కంప నరికి నేల చదును చేసినవాళ్ల చేతులు చూశాను. కానీ ఈ లెక్క చెప్పకుండా కష్టం ఒక్కటే చెబితే అది సగం దస్తావేజు.

1947, 48ల్లో రజాకార్ల రోజులొచ్చినప్పుడు వర్ని నుంచి ఆడవాళ్లనీ పిల్లల్నీ బెజవాడ పంపించేశారు. పొలాలు కౌళ్లకిచ్చి మగవాళ్లు ఇద్దరు ముగ్గురు మాత్రం ఉండిపోయారు. పోలీసు చర్య తర్వాత అందరూ మళ్లీ రైలెక్కారు. ఆ ఏడాది మా ఇంట్లో పుట్టిన పిల్లవాణ్ణి నేను.

రెండో వలస నాకు ఊహ తెలిశాక జరిగింది. తుంగభద్ర డ్యాము 1945లో శంకుస్థాపన, 1953లో నీళ్లు. కుడి పక్క మద్రాసు రాష్ట్రం, ఎడమ పక్క హైదరాబాదు రాజ్యం కలిసి మొదలుపెట్టిన పని. పూర్తయ్యేసరికి రెండూ ఆ రూపంలో మిగల్లేదు. 1953లో బళ్లారి మైసూరుకు పోయింది, 1956 నవంబరులో రాయచూరూ అటే పోయింది. ఎడమ కాలువ గంగావతి, కారటగి, సింధనూరు, మాన్వి తాలూకాల మీదుగా రాయచూరు దాకా రెండు వందల కిలోమీటర్ల పైన నడుస్తుంది. మా మేనమామ గుంటూరు, నంద్యాల మీదుగా గుంతకల్లు, అక్కణ్ణుంచి బళ్లారి దాటి హోసపేటలో దిగి, సింధనూరు వైపు వెళ్లాడు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు ఊళ్లల్లో కాకుండా చేలల్లోనే, కాలువ వెంట ఇళ్లు వేసుకున్నారు. వాటినే క్యాంపులంటారు. గంగావతి దగ్గర శ్రీరామనగర్ వెళితే మీరు గుడివాడలో ఉన్నారో కర్ణాటకలో ఉన్నారో అంగడి బోర్డులు చూస్తే గాని తెలియదు. భూమి కొన్నవాళ్లలో కమ్మవాళ్లు ఎక్కువ. నాట్లకీ కోతలకీ వచ్చిన కూలీ కుటుంబాలు కూడా అక్కడే నిలిచిపోయాయి, సెంటు భూమి లేకుండా.

మామయ్య దగ్గర మూడు దస్తావేజులున్నాయి, మూడు కాలాలవి. లేఖరిని గనక వాటిని పక్కపక్కన పరిచి చూశాను. మొదటిది ఉర్దూలో, రాయచూరు ఇంకా హైదరాబాదులో ఉన్నప్పటిది. విజయవాడలో ఒక మౌల్వీగారి చేత చదివించుకున్నాను. ఎకరాలూ గుంటల్లో ఉంది, మన సెంట్లు కాదు. నాలుగు హద్దుల్లో మూడు పక్కల కన్నడ రైతుల పేర్లు, నాలుగో పక్క బంజరు. అమ్మినవాడి వేలిముద్ర. రెండోది 1960ల్లో, కన్నడంలో. రెండు పక్కల మన ఇంటిపేర్లు, ఒక పక్క పిల్ల కాలువ, ఒక పక్క మొదటి దస్తావేజులో అమ్మినవాడి తమ్ముడు. మూడోది 1970ల చివరిది. నాలుగు పక్కలా మన ఇంటిపేర్లే. ఆ తమ్ముడు లేడు. మామయ్యను అడిగితే, "వాడు మంచివాడురా, అమ్మేసి వెళ్లిపోయాడు" అన్నాడు. ఎక్కడికి మామయ్యా అంటే, "ఇక్కడే. మన దగ్గరే కొన్నాళ్లు పాలేరుగా చేశాడు" అన్నాడు.

నా అనుభవంలో అమ్మకం దస్తావేజు మీద వేలిముద్ర వేసేటప్పుడు అందరూ ఒకలాగే ఉంటారు. ధర న్యాయంగా ఉందా లేదా అన్నది ఆ రోజుకి అడగాల్సిన ప్రశ్న కాదు, ఎందుకంటే ఆ రోజు బజారు ధర అదే. నేను అడిగే ప్రశ్న ఒకటే. నీళ్లు ఎప్పుడొస్తాయో, ఏ గట్టు పక్కన పిల్ల కాలువ పడుతుందో, నీళ్లొచ్చిన నేల ఏమవుతుందో ఇద్దరిలో ఎవరికి తెలుసు? మా మేనమామకు తెలుసు. ఉయ్యూరులో పుట్టినవాడికి నీళ్లు ఏం చేస్తాయో ఒకళ్లు చెప్పనక్కర్లేదు. జొన్నచేను రైతు కాలువ తవ్వకాన్ని చూశాడు గాని దాని తర్వాత రోజుల్ని చూడలేదు. నెబ్రాస్కాలో ఆ తెలివి కంపెనీది, అది లైను ఎక్కడ వెళుతుందో గీసుకున్న మ్యాపు. మన దగ్గర ఆ తెలివి చుట్టరికాలది. అమరావతిలో 2015లో 29 గ్రామాల్లో ముప్పై వేల ఎకరాల పైచిలుకు పూలింగుకు ఇచ్చినప్పుడు, మా డెల్టా రైతు మొదటిసారి అటు పక్కన, మ్యాపు ముందుగా చూడని పక్కన నిలబడ్డాడు. అప్పుడు మావాళ్లలో కొందరికి సింధనూరు గుర్తొచ్చి ఉండాలి. నాకైతే వచ్చింది.

ఇంకో సంగతి ఉంది. దాన్ని క్యాంపుల్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. తుంగభద్ర ఎడమ కాలువను వరి కోసం కట్టలేదు. కరువు సీమ కాబట్టి కొద్ది కొద్దిగా నీళ్లు ఎక్కువ మందికి అందాలని, జొన్న, పత్తి, వేరుశనగలకు ఒకటి రెండు తడులు ఇవ్వాలని వేసిన లెక్క. ఏ సర్వే నెంబరులో ఏ పంట వేయాలో ప్రభుత్వమే ముందుగా రాసిపెట్టింది, దాన్ని లోకలైజేషన్ అంటారు. వరికి రాసింది కొద్ది భాగమే. మావాళ్లు వెళ్లి కాలువ ఎగువన దొరికిన చోటల్లా మడి కట్టి వరి వేశారు. వరి వేయడమే వచ్చు. ఒక మడి తాగే నీళ్లతో నాలుగు జొన్నచేలు గడిచేవి. ఆ తేడా కాలువ చివర తేలింది. మాన్వి, రాయచూరు వైపు చివరి భూముల రైతులు, కాగితం మీద ఆయకట్టుదారులై ఉండి, ఏళ్ల తరబడి కాలువలో ఇసక చూశారు. నీళ్ల కోసం ధర్నాలు అక్కడ ఇప్పటికీ ప్రతి రెండో ఏడూ వార్తల్లో ఉంటాయి. తూముల దగ్గర రాత్రిళ్లు కాపలాలు, లస్కరు చేతిలో ఎవరు ఏం పెట్టారన్న వాదనలు, ఎమ్మెల్యేల ఫోన్లు. ఎగువన సాంబ మసూరి పచ్చగా ఊగుతూ ఉంటుంది. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన ఆ బీపీటీ 5204 వంగడం కూడా మావాళ్లు ఎక్కిన రైలే ఎక్కి అక్కడికి చేరింది. గంగావతిని కర్ణాటక అన్నపు గిన్నె అంటారు. ఆ గిన్నె నిండటానికి మాన్వి గిన్నె వంచారని అక్కడివాళ్లు అంటే నేను కాదనలేకపోయాను.

మామయ్యతో ఈ మాటే అన్నాను. "మరి జొన్న వేస్తే మనం ఇక్కడికి రావడం ఎందుకురా?" అన్నాడు. జవాబు లేని ప్రశ్న కాదది. వరి పండుతుందని నమ్మే డెల్టా నేల అమ్ముకొచ్చినవాడు జొన్న వేస్తే దివాలా తీసేవాడు. ఇంజనీరు వేసిన లెక్కలో జొన్న రైతు ఉన్నాడు గాని, ఆ నేలను జొన్న రైతు దగ్గర కొనుక్కునే కృష్ణా జిల్లా రైతు లేడు. అమ్మకాలు జరుగుతున్నాయని ప్రతి రిజిస్ట్రారు ఆఫీసుకీ తెలుసు. ఆ రిజిస్టరు చూసి లెక్క మార్చుకోవాల్సిన బాధ్యత ఇరిగేషన్ శాఖదని నా అభిప్రాయం. రెండు ఆఫీసులూ ఒకే వీధిలో ఉన్నా ఒకదాని కాగితం ఇంకోదానికి వెళ్లదు.

మామయ్య పోయాక ఆయన మనవడు నాలుగెకరాలు అమ్మకానికి పెట్టాడు, కూతురి అమెరికా చదువుకి. నన్ను ఫోన్లో అడిగాడు, "తాతయ్యా, డ్రాఫ్టు పంపుతాను, కాస్త చూసిపెట్టండి" అని. కన్నడంలో ఉన్నది తెలుగు చేసి పంపాడు. హద్దులు సరిగానే ఉన్నాయి. ధర వరి పొలం ధర, మామయ్య కొన్నప్పటికి ఊహకందనిది. కొంటున్నది ఆ ఊరి కన్నడ రైతే, ఎరువుల దుకాణం పెట్టుకుని పైకొచ్చినవాడు. నేను ఆగింది పంట వివరం దగ్గర. రికార్డు ప్రకారం ఆ సర్వే నెంబరు ఆరుతడికి రాసిన నేల, నీళ్లు జొన్నకే. చేలో మాత్రం వరి కోతకొచ్చి ఉంది. కొనేవాడు వరికి నీళ్లు హక్కుగా వస్తాయని దస్తావేజులో రాయమంటున్నాడట.

"రాయకు నాన్నా" అన్నాను. "లేని హక్కు అమ్మితే రేపు కోర్టులో నీ మెడకి చుట్టుకుంటుంది."

"రాయకపోతే ధర సగం చేస్తానంటున్నాడు తాతయ్యా. జొన్న భూమి అయితే జొన్న భూమి ధరే ఇస్తాడట."

"న్యాయమే కదా" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత వాడు ఇంకో లేఖరి దగ్గరికి వెళ్లాడని తెలిసింది.